సందడిగా ఉన్న గాజు పలక

లెక్క నాకు బడిలో అబ్బలేదు. ఎనిమిదో తరగతితో ఆపేసి, నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులద్దే చిటికి చీరలకు నమూనాలు గీసే పనిలో పడ్డాక, గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఎన్ని పోగులు కట్టాలో చూసుకుంటూ నేర్చుకున్నాను. పువ్వు రెక్కలో ఒక్క పోగు అటూఇటూ అయినా మగ్గమెక్కాక బయటపడుతుంది. అందుకే ఏదైనా మూడుసార్లు లెక్కపెట్టడం అలవాటు. ఆ అలవాటు ఉండి కూడా మా అక్కకు తప్పు చెప్పాను.

అక్కది మోత్కూరు. ఇంట్లో గుంట మగ్గం. ఆమె నేస్తుంటే వీధి మొదట్లోనే వినబడుతుంది, తడబాటు లేని చప్పుడు. ఆ ఏడు ఆమె రొమ్ములో గడ్డ తేలింది. నల్లగొండ దవాఖానలో గడ్డలోంచి ఒక ముక్క, పక్కనున్న కండలోంచి ఒక ముక్క తీసి ల్యాబుకు పంపారు. గడ్డ చెడ్డదా కాదా అన్నది ఇక అవే చెప్పాలి.

ల్యాబులో పనిచేసే అమ్మాయి మా వీధి పిల్లే. వరసగా మూడో రోజు కూడా వెళ్లేసరికి విసుక్కుంది.

“కాకా, డాక్టరమ్మ చూసి రాయాలె. నన్నడిగితే నేనేం చెప్త?”

“చెప్పకు బిడ్డా. జర చూడనియ్యి. చూస్తే అరుగుతదా?”

“చూస్తే నీకేం సమజైతది? అదేమన్న చీర డిజైనా?” అంటూనే కుర్చీ జరిపింది. “ఏ ముక్క దేనిదో మాత్రం అడగొద్దు.”

మైక్రోస్కోపు కింద మొదటి గాజు పలక. గులాబీ రంగు మీద ఊదా చుక్కలు, గళ్ల కాగితం మీద పెట్టినంత వరసగా. ఒక్కో చుక్క చుట్టూ ఒక్కో కణం. ఒకటి రెండుగా విడిపోయే కణాన్ని ఎట్లా గుర్తుపట్టాలో ఆ పిల్లే చెప్పింది. లోపలి చుక్క నల్లటి పోగుల్లా చిక్కబడి, సమానమైన రెండు పాయలై, చెరోవైపుకు జరుగుతుందట.

“కదులుతలేవేంది?” అన్నాను.

“ఎట్ల కదుల్తయి? ఎప్పుడో చచ్చినయి. చేస్తున్న పని చేస్తున్నట్టే ఆగిపోయినయి.”

పలకంతా వెతికితే విడిపోతున్నది ఒక్కటే దొరికింది. మిగతా అంతా తాళాలు వేసిన ఇళ్ల వరస. నాకు నచ్చలేదు.

రెండో పలకలో ఒక్క చూపుకే ఆరు. జరిపితే ఎనిమిది. మళ్లీ జరిపితే తొమ్మిది. చిన్నవీ పెద్దవీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒకచోట ఒక కణం మూడు వైపులకు చీలుతోంది. మూడు పాయలు, ఏ రెండూ సమానం కావు. మళ్లీ లెక్కపెట్టాను, మూడే. పని ఎక్కువున్న చోట పొరపాట్లు ఉంటాయిలే అని సర్దుకున్నాను.

మా వీధిలో మగ్గం మోగే ఇల్లే బాగున్న ఇల్లు. మోగని ఇంటి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. నేనూ ఆ కొలతతోనే కొలిచాను. సందడి ఉన్నది మంచి కండ, చప్పుడు లేనిది గడ్డ. బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

“ఫికర్ చెయ్యకక్కా. గడ్డ పండుకున్నది. అండ్ల ఏం పని నడుస్తలేదు.”

“నిజంగనా తమ్మీ? మంచిగ లెక్కవెట్టినవా?”

“మూడుసార్లు.”

నాలుగు రోజులకు రిపోర్టు కోసం వెళ్లి, ఆ పిల్లకు నా లెక్క గొప్పగా చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“కాకా, మంచి కండకు ఆగుడు ఎరుక. అవసరమైతెనే ఒకటి రెండైతది. గా రెండో దానికి ఆగుడే తెల్వది. గడ్డ అదే.”

మోత్కూరులో బస్సు దిగి నడిచాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. అక్క మగ్గం వినబడుతోంది. అదే చప్పుడు, ఎప్పటిలాగే సమంగా. మొదటిసారి దానికి భయపడ్డాను. గోడ పక్కన నిలబడి దెబ్బలు లెక్కపెట్టాను. నాలుగువందల పన్నెండు దాకా ఆగలేదు. ఆగాకే లోపలికి వెళ్లాను.

అక్క నా ముఖం చూసింది. “లెక్క తప్పినవా?”

“లెక్క తప్పలే. ఏది ఏందో తప్పిన.”

“నాలుగు రోజులు మంచిగ నిద్రవట్టింది పో,” అంది, దారం తెంపుతూ.

ఆపరేషన్ అయింది. తీసిన కండ అంచు నుంచి ఒక ముక్క మళ్లీ ల్యాబుకు వచ్చింది. డాక్టరమ్మ చూసి అంచు బాగుంది, గడ్డ జాడ లేదని రాశాక, ఆ పిల్లే నన్ను పిలిచి కుర్చీ జరిపింది. వరసగా చుక్కలు. తాళాలు వేసిన ఇళ్లు. వెతికి వెతికి విడిపోతున్నది ఒక్కటి పట్టుకున్నాను. దాని పాయలు మూడుసార్లు లెక్కపెట్టి ఫోన్ చేశాను.

“ఈసారి ఏ ముక్కో అడిగినవా?” అంది అక్క.

“అడిగిన. అంచుది.”

“ఎన్ని?”

“ఒక్కటే అక్కా. రెండు దిక్కులకే పోతాంది.”

ఆమె వెనక మగ్గం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.