మాస్టారు చెప్పిన తిథి

మా డ్రిల్లు మాస్టారు వీర్రాజు గారు దివంగతులయ్యారని మొన్న ఉదయం రామచంద్రపురం నుంచి ఫోను వచ్చింది. ఎనభై నిండిన మనిషి, పోవడంలో వింత లేదు. అయినా నిర్ఘాంతపోయి "ఏ వీర్రాజు గారండీ?" అని అడిగాను. నాకు తెలిసిన వీర్రాజు గారు ఆయనొక్కరే.

రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూరులో పట్టుబడ్డ మన సైనికుల్లో ఆయన ఒకరు. జపానువాళ్లు ఓడలో కుక్కి పసిఫిక్ మహాసముద్రంలో ఒక దీవి మీదున్న రబౌల్ స్థావరానికి తీసుకుపోయి మట్టిపని చేయించారు. ఆ స్థావరం మీద బాంబులు వేసిందేమో మన పక్షం విమానాలు. "పైనా మనవాళ్లే, కిందా మనవాళ్లే. చెయ్యూపితే జపానువాడు కాల్చేస్తాడు, ఊపకపోతే పైవాడికి మనమెవరో తెలీదు. ఏం చేస్తాంరా?" అనేవారు. బడి మీదుగా విమానం వెళితే మేమంతా పైకి చూసేవాళ్లం, ఆయన మాత్రం నేల చూసేవారు.

అలాంటి ఒక దాడిలో తోటి సైనికుడు పెద్దాపురం సత్తిరాజు ఆయన పక్కనే పోయాడు. యుద్ధం ముగిశాక మాస్టారు వెళ్లి కబురు చెబితే, ఆ తల్లి అడిగింది ఒకటే: "ఏ తిథి బాబూ? తద్దినం పెట్టుకోవాలి."

చెరలో వారమే తెలియని మనిషికి తిథి ఎక్కడిది! తెలియదనడానికి నోరు రాక "కార్తీక బహుళ త్రయోదశండి" అనేశారు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉందన్న సంగతి అప్పుడు తోచలేదట. ఆనాటి నుంచి ఏటా ఆ రోజున ఆ ఇంటికి వెళ్లి, తలవంచుకుని భోజనం చేసి వచ్చేవారు. ఆవిడ పోయాకా మానలేదు.

నెల క్రితం మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఇదంతా చెప్పారు. "వాడికి అన్నం అందిందో లేదోరా. నేను అబద్ధమాడానని వాళ్లకి చెప్పెయ్. వాళ్లేమన్నారో నాకు చెప్పు." సరేనన్నాను. నేనుండే రాజమండ్రి నుంచి పెద్దాపురం ఎంత దూరం! కానీ ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను.

దహనానికి సత్తిరాజు తమ్ముడు వచ్చారు. అప్పుడు చెప్పాను. ఆ పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

"మా అమ్మకి మొదట్నించీ తెలుసండి. ఆ వేళ పిండారబోసినట్టు వెన్నెలుందని, అందుకే విమానాలొచ్చాయని ఈయనే చెప్పారు. బహుళ త్రయోదశికి అంత వెన్నెలేంటండి? మేం అడగబోతే అమ్మ కసిరేది. 'తిథి తప్పయితే అయ్యింది. నా బిడ్డని ఆఖర్న చూసిన బాబు ఏడాదికోసారి వచ్చి నా చేతి అన్నం తింటున్నాడు. నోరెత్తారో చూడండి' అనేదండి."

యాభై ఏళ్లకు పైగా ఆయన మోసిన బరువు ఒక్క మాటతో దిగిపోయేది. ఆ మాట తేవలసినవాణ్ణి నేను. అలాంటి గురువు నాకు మళ్లీ దొరకరు, ఆ నెల రోజులూ దొరకవు.

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన తిథి ఆ తల్లికి సమ్మతమేనటండి.