దాచిన బూట్లతో కొండెక్కిన రోజు

కొండలెక్కడం సరదా అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సౌదీలో నేను కాలినడకన ఒకే ఒక్కసారి కొండెక్కాను. అదీ పోలీసుల కంట పడకుండా, నాకంటే పెద్దాయన ఒకాయన్ని వెంటేసుకుని, దారి పొడుగునా ఆయన బూట్లను తిట్టుకుంటూ.

నితాఖత్ వచ్చిన రోజులవి. సౌదీవాళ్లను తగినంతమందిని పనిలో పెట్టుకోని కంపెనీలను ప్రభుత్వం ఎరుపు రంగులో వేసింది. మా కంపెనీ కూడా ఎరుపే. ఎరుపులో పడిన కంపెనీ మనుషులకు అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు కొత్తది రాదు. కార్డు గడువు దాటినవాడు రోడ్డు మీద దొరికితే పట్టుకుపోతారు. మా కార్డుల గడువూ దాటిపోయింది. పైగా తలకింత లెవీ కట్టలేక చస్తున్నామని మేనేజర్ రోజూ మా మీదే ఏడ్చేవాడు, అదేదో మేం కనిపెట్టినట్టు. ఒక్కటే దారి ఉండేది. ఎరుపు కంపెనీ మనిషి పాత యజమాని ఒప్పుకోకపోయినా వేరే కఫీల్ కిందికి, అంటే వీసాకు పూచీ పడే ఇంకో యజమాని కిందికి, మారవచ్చు. కఫీల్ దొరికితే ఉంటాడు, దొరక్కపోతే ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోతాడు.

నా గదిలో ఉండే అన్నది మా ఊరే. ఆయనది పంపుల పని, నాది కరెంటు పని. నేను ఇంకో సైటులో ఏదో ఒకటి చూసుకోగలనని నా ధైర్యం. ఆయనకు అరబ్బీ రాదు, అడగడం అసలే రాదు. అందుకని ఆయన సంగతి నేనే నెత్తినేసుకున్నాను. తాయిఫ్ కొండ మీద గులాబీ తోట ఉన్న ఒక ముసలాయనకు పంపుల మనిషి కావాలని తెలిసి, ఫోన్ చేసి, అన్నను ఆకాశానికెత్తి ఒప్పించాను. "శుక్రవారం జుమ్మా నమాజుకు ముందే రండి. తర్వాత ఇంకొకడు వస్తాడు" అన్నాడాయన. మా క్యాంపు కొండ కింద. ఘాట్ రోడ్డు మొదట్లోనే చెక్‌పోస్టు. కాబట్టి పాతకాలంలో ఒంటెలు ఎక్కిన రాళ్ల దారినే నడిచిపోవాలి.

శుక్రవారం తెల్లారేసరికి అన్న తెగిన చెప్పులేసుకుని తయారు.

"గా చెప్పుల్తోని కఫీల్ ముంగట నిలవడ్తవా? నీ కార్టన్‌ల కొత్త బూట్లున్నయి గదనే!" అన్నాను.

"అవి ఇంటికి పోయేటప్పటికి, తమ్మీ."

ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. గల్ఫ్‌లో మా వాళ్లందరికీ మంచం కింద ఒక కార్టన్ ఉంటుంది. సబ్బులు, సెంటు సీసాలు, దుప్పటి, ఏది కొన్నా అందులోకే. అన్న అందరినీ మించినవాడు. తువ్వాలు పీలికలైనా కొత్తది కార్టన్‌లోనే. ఆ బూట్లు నేను ఆ క్యాంపుకు రాకముందే కొన్నాడట. ఏటా ఈసారి చుట్టీకి, అదే సెలవుకి, ఇంటికి పోతాననడం, కంపెనీ వచ్చే ఏడు చూద్దామనడం, ఈయన కార్టన్ తాడు విప్పి మళ్లీ కట్టడం. ఆ పొద్దు నేనే తాడు కోసి, బూట్లు తీసి, కాళ్ల దగ్గర పడేశాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మొహమాటపడుతూనే తొడుక్కున్నాడు, పెళ్లికొడుకు లాగా.

కొండ మూడో వంతు ఎక్కామో లేదో, వెనకనుంచి పిలుపు.

"తమ్మీ, జర ఆగు. ఎడమ కాలు గిట్ల తగుల్తుందేందో."

చూద్దును కదా, అడుగు ఊడి వేలాడుతోంది. ఊడటం కూడా కాదు, ఎండిన జొన్నరొట్టె లాగా పొడి పొడిగా రాలిపోతోంది. ఒక్క రోజు తొడగని బూటు! అన్నేళ్ల ఎండాకాలాలు మంచం కింద మగ్గి మగ్గి లోపల్లోపలే పిండైపోయింది. పైన మాత్రం అదే నిగనిగ. కరెంటోణ్ణి కాబట్టి నా జేబులో నల్ల టేపు ఉంటుంది. బూటు చుట్టూ తిప్పి తిప్పి కట్టాను. నాలుగు మెట్లు ఎక్కేసరికి రాళ్లకు రాసుకుని టేపు తెగింది. మళ్లీ కట్టాను. ఈలోపు కుడిది నోరు తెరిచింది.

"ఇంటికి పోయేటప్పుడు, ఇంటికి పోయేటప్పుడు! ఇగో, అయింది నీ పోవుడు!" అని అరిచాను. బండల మీద కూర్చున్న కోతులు ఉలిక్కిపడి చూశాయి.

"పైన మంచిగనే ఉంది. ఊర్ల కొత్త అడుగులు కుట్టిస్త" అంటూ ఆయన రాలిన ముక్కలు ఏరి సంచిలో వేసుకుంటున్నాడు! తల ప్రాణం తోకకొచ్చింది నాకు. నా బూట్లిస్తే ఆయన పాదం మడమ దాకా కూడా పట్టలేదు. టేపు అయిపోయింది. సూర్యుడు నెత్తి మీదికి వస్తున్నాడు. ఆ ముసలాయన నమాజుకు పోతే, ఆ ఇంకొకడు వస్తే, ఈ మనిషికి మళ్లీ కఫీల్‌ను ఎక్కడ వెతకను? నడువన్నా, నడువు, అని తరుముతూనే ఉన్నాను. చివరికి బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. కాలే రాళ్ల మీద మేజోళ్లతో నడిచాడు. మేజోళ్లు చిరిగాక వట్టి కాళ్లతో నడిచాడు. అప్పటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. అలిగాడేమో, అలగనీ అనుకున్నాను.

పైకి చేరేసరికి నమాజు ఎప్పుడో అయిపోయింది. ముసలాయన తోట గేటు దగ్గరే ఉన్నాడు. ఆలస్యానికి నన్ను కడిగిపారేశాడు. నా అదృష్టం కొద్దీ ఆ ఇంకొకడు రాలేదు. అన్న చేతిలోని బూట్లను, నెత్తురు మరకల కాళ్లను చూసి ముసలాయన తిట్లు ఆపాడు. నీళ్లిప్పించాడు. మోటారు చూపించాడు. చివరికి, "సరే, ఈ మనిషిని పెట్టుకుంటా. రేపే కాగితాలు మొదలు" అన్నాడు.

నాకు కొండంత భారం దిగింది. సంతోషంగా అన్నకు చెప్పాను.

"చుట్టీ ఎప్పుడిస్తడో అడుగు" అన్నాడు ఆయన.

అడిగాను. రెండేళ్లు నిండాకే అన్నాడు ముసలాయన.

అన్న తన చేతిలోని బూట్లను తిప్పి అడుగు చూసుకున్నాడు. "వద్దని చెప్పు, తమ్మీ."

"ఏందీ?"

"నేను ఇంటికి పోత. ఎగ్జిట్ కొట్టియ్యమని కంపెనీల చెప్త."

"పిచ్చి లేసిందా నీకు? పొద్దటిసంది ఈ కొండ దేనికెక్కినమే?"

"పోయేటప్పటికని ఒక్కొక్కటి దాస్తనే ఉంటి. పైన మంచిగ కనవడుతుంది గదాని లోపల సూడకపోతి. ఇంటికాడ గూడ అన్నీ మంచిగనే ఉన్నయని ఫోన్ల చెప్తరు. ఇంక రెండేండ్లంటె నాకు భయమైతుంది, తమ్మీ."

బతిమాలాను, తిట్టాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. తెలుగు రాకపోయినా ముసలాయనకు అర్థమైంది. విసుగ్గా నా వైపు తిరిగి, "మరి నువ్వు? మోటార్లు చూడగలవా?" అన్నాడు. "తమామ్" అనేశాను, సరేనని. ఆలోచించింది లేదు, నోటికి అదే వచ్చింది.

దిగేటప్పుడు ముసలాయన తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. చెక్‌పోస్టులో పోలీసు ఆయనకు సలాం కొట్టి, మా వైపు కన్నెత్తి చూడకుండానే చెయ్యి ఊపాడు. ఇదే బండి పొద్దున పంపి ఉంటే ఈయన సొమ్మేం పోయేదని పళ్లు కొరుక్కున్నాను. వెనక కూర్చున్న అన్న అప్పటికే భార్యకు ఫోన్ కలిపి, "వస్తున్ననే, నిజంగనే వస్తున్న" అని ఉక్కిరిబిక్కిరవుతూ చెబుతున్నాడు.

మర్నాడు నేను ఇంటికి ఫోన్ చేశాను. కొత్త కఫీల్, గులాబీ తోట, ఉండటానికి విడిగా గది, అన్నీ చెప్పాలని వరస పెట్టుకున్నాను. నా భార్య నన్ను మాట్లాడనిస్తేనా!

"అక్క రాత్రే ఒచ్చి చెప్పింది" అంది గబగబా. అక్కంటే అన్న భార్య. "మీ కంపెనీ ఖతమైందట గద. ఇద్దరు ఒక్కపారే వస్తున్నరా? పిల్లలకు చెప్పిన. మా అమ్మకు గూడ చెప్పిన."

"నాకు పని దొరికింది" అన్నాను.

లైను తెగిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"మంచిదే" అంది.

అంతకుముందు ప్రతి శుక్రవారం ఎప్పుడొస్తవని అడిగేది, నేను విసుక్కునేవాణ్ణి. ఆ రోజు తర్వాత మళ్లీ అడగలేదు.