బొంతల వరసలో నా వంతు

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రజాయి నిన్న చేరింది. చెన్నై నుంచి ఓడ అడుగున ప్రయాణం చేసి వచ్చేసరికి దానికి పట్టిన వాసన ఉందే, డీజిలూ, తుప్పూ, కుళ్ళిన ఉల్లిపాయలూ కలిసి కాపురం పెడితే వచ్చే వాసన. ప్యాకెట్ విప్పగానే మా ప్రోతరాపూర్ ఇంట్లో బల్లులు కూడా గోడ దిగి వాకిట్లోకి వెళ్ళిపోయాయి. కప్పుకుంటే చెమట, తీసేస్తే చలి, పరుచుకుంటే జారుడుబండ. మా ఆయన మాత్రం దాన్ని ఒకటికి రెండుసార్లు నిమిరి "మెత్తగా ఉంది కదే" అన్నారు. మెత్తదనం గురించి ఆయనకేం తెలుసు? ఆయన నాలా బతు బస్తీలో పెరగలేదు.

అండమాన్‌లో చలేమిటి, బొంతలేమిటి అని మెయిన్‌లాండ్ చుట్టాలు నవ్వుతారు. వాళ్ళు మా వాన చూడలేదు. మా చిన్నప్పుడు బతు బస్తీలో వాన మొదలైందంటే, ఇంటికొచ్చిన మొండి చుట్టంలా, ఎన్ని సూచనలు చేసినా కదిలేది కాదు. గోడలు పచ్చగా నాచు కట్టేవి, తలుపు ఉబ్బిపోయి నాన్న భుజంతో గుద్దితే తప్ప తెరుచుకునేది కాదు, మూలన పెట్టిన తోలు చెప్పుల మీద బూజు ఎంత ఏపుగా పెరిగేదంటే మేక చూస్తే మేసేసేది. సిమెంటు గచ్చుకు చెమట పట్టేది. అలాంటి గచ్చు మీద పడుకోవాలంటే కింద ఒక బొంత, పైన ఒక బొంత ఉండాలి. మా ఇంట్లో పిల్లలకి ఉన్నది ఒక్కటే. దాని కింద ఇద్దరు అక్కలూ, చివరన నేనూ. పెద్దక్క నిద్రలో అటు దొర్లిందంటే బొంత ఆమెతో పాటు వెళ్ళిపోయేది, నేను గచ్చుతో మిగిలిపోయేదాన్ని. నాకంటూ ఒక బొంత కావాలి. ఆ వయసులో నాకు ఉన్న ఒకే ఒక్క ఆశయం అది.

బొంత కావాలంటే సంఘం దయ కలగాలి. మధ్యాహ్నం వంటలయ్యాక బస్తీ ఆడవాళ్ళంతా అప్పలనర్సమ్మ పిన్ని రేకుల పంచలో చేరేవారు. పిన్ని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవేట ఇంటి మనిషి. ఆమె గొంతెత్తి కోడిని అదిలిస్తే ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ బయలుదేరుతోందనుకుని జనం టికెట్ల వరస వదిలి పరిగెత్తేవారని మా నాన్న అనేవాడు. నాన్న ఆ జెట్టీలోనే గుమాస్తా కాబట్టి మేం నమ్మేవాళ్ళం. ఆమెకి ఎదురుగా కూర్చునేది గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సావిత్రి టీచరు. ఈ కూటానికి 'మహిళా బొంతల సంఘం' అని పేరు పెట్టింది ఆవిడే. మిగతా అందరూ దాన్ని 'బొంతలకాడ' అనేవారు.

అక్కడ బొంత ఎవరూ ఒంటరిగా కుట్టకూడదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు వైపులా నలుగురు కూర్చుని, అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ రావాలి. నడిమధ్య మిగిలిన జానెడు చోటుని బొడ్డు అనేవారు. బొడ్డులో ఆఖరి కుట్టు ఎవరి బొంతైతే వాళ్ళే వెయ్యాలి. అది పడేదాకా బొంత సంఘానిది, పడ్డాక వాళ్ళది. కుడుతున్నన్నాళ్ళూ టీ, చిరుతిండి బొంతగలవాళ్ళే పెట్టాలి. ఇక్కడే ఉంది అన్యాయమంతా. వంట చేతకాని ఇళ్ళ బొంతలు వాన వెలిసేలోగా పూర్తయ్యేవి. వంటలో చెయ్యి తిరిగిన ఇళ్ళ బొంతలు మాత్రం, కొబ్బరి బూరెల వాసనలోనూ, వేయించిన పనసగింజల పొగలోనూ, సూదులు నత్తల్లా నడిచి, పండగలు దాటుకుంటూ పోయేవి. మా అమ్మ బూరెలు బస్తీకే పేరు. నా గతి మీరే ఊహించుకోండి.

అసలు వరస రావడమే గగనం. పురుళ్ళు, పెళ్ళిళ్ళు ముందుకి వెళ్ళాలని నియమం. పురుడైతే ఇక తిరుగే లేదు. మిగతా పిల్లలు బొంత చాటున దూరి గవ్వలాట ఆడుతుంటే, నేను గవ్వలు వదిలేసి బస్తీలో ఎవరి పొట్ట ఎంత ఎత్తుగా ఉందో చూసుకుంటూ తిరిగేదాన్ని. ఆ రోజుల్లో బతు బస్తీలో పొట్టలకి కొదవ లేదు.

"పిన్నీ, నా బొంత?" అని అడిగేదాన్ని.

"ఒలే, లైన్లో ఉన్నావు కదే, జల్దీ ఏటి నీకు? పాపమ్మ కూతురికి నెలలు నిండిపోనాయి. పసిగుడ్డుని గచ్చు మీద తొంగోబెడతామేటి?" అనేది అప్పలనర్సమ్మ పిన్ని. పాపమ్మ కూతురు అయ్యాక పాపమ్మ కోడలు. ఆ తర్వాత, నమ్మండి నమ్మకపోండి, పాపమ్మే.

ఎట్టకేలకు నా వంతు వచ్చింది. అమ్మ నీలం చీర, అత్త పంపిన పసుపు చీర, మధ్యలో నాన్న లుంగీ పరిచారు. నాలుగు వైపులా పిన్ని, టీచరు, పాపమ్మ, అమ్మ. అమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఊరందరి పొట్టల మీదా నిఘా పెట్టిన నేను మా ఇంటి పొట్టని లెక్కలోకి తీసుకోలేదు. అమ్మ నా మనిషి కదా అనుకున్నాను.

బూరెలు తిన్నంతకాలం తిన్నారు. చివరికి కుట్లు బొడ్డు దగ్గరికి చేరేసరికి చూస్తే, నడిమధ్య గుడ్డ ఉబ్బి కొండలా లేచింది. నలుగురూ నాలుగు వైపుల నుంచి గుడ్డని లోపలికి నెట్టుకొచ్చారు మరి. దాని మీద ఒక దీపస్తంభం కడితే ఓడలకి దారి కనపడేది.

"టీచరమ్మా, మీ వైపు వొదులైపోనాది. కొండ లేచీసింది సూడండి" అంది పిన్ని.

"నా వైపు కాదండీ. మీరే వల లాగినట్టు లాగేస్తున్నారు. ఇది బొంతండీ, దీన్లో చేపలు పడవు."

"మా వల తెగదమ్మా. మీ కుట్టు దోమక్కూడా కనబడదు."

"ఇద్దరూ ముందు టీ తాగండమ్మా, చల్లారిపోతంది" అంది అమ్మ. తాగారు. తాగాక సగం దాకా విప్పేశారు. నా కళ్ళ ముందే, వారాల తరబడి పడిన కుట్లు, సన్న దారపు ముక్కలై గాలికి లేచి పోతుంటే, అమ్మ మళ్ళీ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

మళ్ళీ కుట్టారు. ఈసారి కొండ లేవలేదు. బొడ్డు మిగిలింది. పిన్ని సూదికి దారం ఎక్కించి నా చేతికిచ్చి "ఎయ్యే, నీ బొంత" అంది. నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ మధ్యలోకి వెళ్ళి, ఎక్కడ గుచ్చితే అందంగా ఉంటుందా అని చూస్తున్నాను. ఆ చూడడంలోనే కొంప మునిగింది. అమ్మ తన వైపు సూది కింద పెట్టి, గోడకి చేరబడి, "నర్సమ్మా, నొప్పులొస్తన్నాయి" అంది.

పంచ ఒక్కసారి లేచింది. పాపమ్మ జీపు కోసం పరిగెత్తింది. పిన్ని నా కింద నుంచి బొంత లాగింది.

"నా బొంత! ఒక్క కుట్టే ఉంది!" అని నేను దాని మీద బోర్లా పడిపోయాను.

"కుట్టు పడనేదు కదే. ఇంకా సంఘానిదే. హటో, లేఎహె!"

నేను టీచరు వంక చూశాను. పిన్ని తూర్పంటే తను పడమరనే మనిషి కదా, ఆవిడైనా నా తరఫున మాట్లాడుతుందని. ఆవిడ నన్ను రెండు రెక్కలూ పట్టి ఎత్తి పక్కన నిలబెట్టి, "అప్పలనర్సమ్మ గారు చెప్పింది సబబేనమ్మా" అంది. వాళ్ళిద్దరూ ఏకమవడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

దారం ఎక్కించిన సూది చేతిలో ఉండిపోయింది. బొంత జీపెక్కి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చినప్పుడు దానిలో తమ్ముడున్నాడు. ఎర్రగా, ముడతలు పడి, హాయిగా నిద్రపోతూ. మర్నాటి నుంచే దాన్ని తడపడం మొదలుపెట్టాడు. ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, మా పెరట్లో ఎండ కాసిన ప్రతిరోజూ నీలం, పసుపు చారల నా ఆశయం తాడు మీద ఆరుతూనే ఉండేది. చిరిగి చిరిగి, వాడు పెద్దవాడై కొన్న మొదటి స్కూటరు తుడుచుకునే గుడ్డగా ముగిసింది.

"ఈసారి నీదే ముందు, పక్కా" అని పిన్ని మాటిచ్చింది. తర్వాత పాపమ్మ రెండో కోడలొచ్చింది. నేను పెళ్ళై ప్రోతరాపూర్ వచ్చే రోజున కూడా పిన్ని బస్సు దాకా వచ్చి "లైన్లోనే ఉన్నావే, మర్సిపోనేదు" అంది. ఆమె పోయి చాలాకాలమైంది. టీచరు రిటైరై విశాఖ వెళ్ళిపోయింది. పాపమ్మ పిల్లలు పంచిపెట్టినట్టుగా దీవుల నిండా ఉన్నారు. ఆ రేకుల పంచ ఉన్నచోట టూరిస్టుల లాడ్జి లేచింది. గదుల్లో తెల్లటి రజాయిలు, ఏసీలు.

రజాయి వాసనకి ఒళ్ళుమండి, పొద్దున నేనే సంఘం పెట్టాలని బయలుదేరాను. మా వీధి ఆడవాళ్ళందరినీ వాట్సాప్‌లో పిలిచాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. "మీరు గ్రేట్ దీదీ" అన్నారు. ఒకరికి పిల్లాడి ట్యూషను, ఒకరికి ఆఫీసు, ఒకరికి నడుంనొప్పి. ఎదురింటి అమ్మాయి మాత్రం మర్యాదకి గుమ్మం దాకా వచ్చి "చేత్తోనా దీదీ? మెషీన్‌వాడికి ఇచ్చేయొచ్చు కదా, సాయంత్రానికల్లా దే దేగా" అంది. తమ్ముడు ఫోన్ చేస్తే విషయం చెప్పాను. "అండమాన్‌లో చలేటక్కా?" అని నవ్వాడు. వీడు!

మధ్యాహ్నం హాల్లో కుర్చీలు జరిపి అమ్మ చీరలు పొరలుగా పరిచాను. బూరెలు కూడా వండాను. ఇవాళ ఎవరికీ పురుడు లేదు, పెళ్ళి లేదు, నన్ను దాటి ముందుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళకి వరసలో నేనే మొదటిదాన్ని. ఒక వైపు కూర్చుని కుట్టు మొదలుపెట్టాను. ఎదటి అంచు పట్టుకునేవాళ్ళు లేక, నేను లాగినకొద్దీ చీరలన్నీ నా ఒళ్ళోకి వచ్చేస్తున్నాయి.