రెండు చేతులా సంతోషం

మా బావ చేతులకు ఒక అలవాటుంది. ఏ మీట కనబడినా రెండూ కలిసే లేస్తాయి. మా ఇంటి కాలింగ్ బెల్లు దగ్గరా అంతే: ఒక అరచెయ్యి బెల్లు మీద, రెండోది పక్కన గోడ మీద. తప్పు ఆయనది కాదు. ఇనపరేకులను వంచే ప్రెస్సు దగ్గరే ఆయన వయసంతా గడిచింది. అటూ ఇటూ ఉన్న మీటలను రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే అది కిందికి దిగుతుంది. చేతులు నలిగిపోకుండా ఆ ఏర్పాటు. చేతుల గురించి అంత ఆలోచించిన కంపెనీ చెవుల సంగతి గాలికొదిలేసింది. ప్రెస్సులన్నీ ఉండే ఆ షాపులో మోత అలాంటిది.

ఒక ఆదివారం అక్క నెలల పాపను బావకు అప్పగించి బజారుకెళ్లింది. తిరిగొచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. పక్క గదిలో, తలుపు బార్లా తీసే ఉన్నా, బావ తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

"చెవుల్లో సీసం పోసుకున్నావా?" అని అక్క అరిచింది. అదీ సగమే వినబడిందట.

పోయిన వినికిడి ఇక రాదని, మిగిలింది నిలవాలంటే ఆ మోతకు దూరం జరగాలని డాక్టరు చెప్పాడు. బావ వెళ్లి తనను చప్పుడుండని స్టోర్సుకు మార్చమని అడిగాడు. ఉద్యోగుల బాగోగులు చూసే మేనేజరు నోరు వెళ్లబెట్టాడు.

"నీకేం బాధయ్యా? ఫ్యాక్టరీ మొత్తంలో సంతోషంగా ఉన్నది మీ షాపొక్కటే! పెట్టే చెప్తోంది."

పెట్టె అంటే గేటు దగ్గర నిలబెట్టిన యంత్రం. ఎడమ పక్క నవ్వే ముఖం, మధ్యలో ఉలుకూ పలుకూ లేని ముఖం, కుడి పక్క ఏడ్చే ముఖం. షిఫ్టు దిగినవాళ్లు కార్డు చూపించి, ఉద్యోగం ఎలా ఉందో ఒక మీట నొక్కి చెప్పాలి. పెయింటు షాపు ఏడ్చేది. ప్యాకింగువాళ్లు ఉలకరు, పలకరు. ప్రెస్సు షాపు మాత్రం నవ్వులే నవ్వులు.

నేను అదే కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. అనుమానం పీకుతుంటే ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాను. ప్రెస్సు షాపువాళ్లు ఒక్కొక్కరే వచ్చి, రెండు అరచేతులూ ఎత్తి, నవ్వునూ ఏడుపునూ కలిపి టపీమని కొట్టి పోతున్నారు. రెండూ ఒకేసారి పడితే పెట్టె ఎడమదాన్నే లెక్కలోకి తీసుకుంటోంది.

"బావా, ఇంతకీ నువ్వు నవ్వావా, ఏడ్చావా?" అని ఆయన చెవిలో అరిచాను.

"నేనా? ఇంటికి పోతున్నా!"

ఇద్దరం వెళ్లి మేనేజరుకు చెప్పాం. "అంకెలు అబద్ధమాడతాయా?" అని ఆయన జాలిగా నవ్వాడు. "ఇంత సంతోషంగా ఉన్నవాణ్ణి కదిపితే పైవాళ్లు నన్ను బతకనిస్తారా?"

మర్నాటి నుంచి బావ ఒక చెయ్యి జేబులో కుక్కుకుని, రెండో చేత్తో ఏడుపు ముఖాన్ని నొక్కడం మొదలుపెట్టాడు. చెప్పినంత సులువు కాదది. జేబులో చెయ్యి ఎగిరెగిరి పడేది. వెనక వరసలోవాళ్లు మెడలు సాచి చూశారు.

"అదేంట్రా, ఒంటిచేత్తో నొక్కితే పనిచేస్తుందా?"

"చేస్తోందన్నా! నువ్వూ ఏడువు!"

వారం తిరిగేసరికి షాపు షాపంతా జేబులో చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

పై అంతస్తులో గగ్గోలు పుట్టింది. నిన్నటిదాకా నవ్విన షాపు ఇవాళ ఏడవడమేమిటి? ఎవడో ఎగదోస్తున్నాడు. ముందు ఏడ్చిందెవరో కార్డే పట్టించింది. మేనేజరు బావను పిలిపించి నలుగురికీ, ఆఖరికి బావకు కూడా, వినబడేలా కేకలేశాడు.

"నీలాంటివాడు ఆ షాపులో ఉండటానికి వీల్లేదు! రేపట్నుంచి స్టోర్సులో పడుండు. పలకరించే దిక్కు కూడా ఉండదు, తెలిసొస్తుంది!"

బావ తల దించుకున్నాడు. ఎత్తితే నవ్వు బయటపడుతుందని భయం.

ఆ తర్వాత పెట్టెలోంచి ఏడుపు ముఖం పీకేసి, దాని చోట ఇంకో నవ్వు ముఖం బిగించారు. ప్రెస్సు షాపు మళ్లీ సంతోషంగా ఉంది. బావ ప్రెస్సు మీద కొత్త మనిషిని పెట్టారు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు చెవులు పరీక్ష చేయించారట. గుసగుసలు కూడా చక్కగా వినబడుతున్నాయట.