కమలాక్షికి నచ్చని సీరియల్

రాయచూరు తీన్‌కందిల్ దగ్గరి బజార్లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కమలాక్షికి ఆగడమంటే చేతకాదు. గిరాకీ బిందెను రెండుసార్లు తిప్పి చూస్తే, "కారదులేమ్మా, తీస్కపో" అని చంకలో పెట్టి పంపేది. టీవీలో నేరాల సీరియల్ మొదలైతే, మొదటి ప్రకటనలు రాకముందే హంతకుడెవరో తేల్చేసేది. చాలాసార్లు తప్పే చెప్పేది. అయినా చివర్లో పోలీసులు ఎవణ్ణో ఒకణ్ణి కాలరు పట్టి జీపెక్కిస్తుంటే ఆమె మొహం తేటపడేది.

ఎందుకో బజారుకంతా తెలుసు. కొడుకు విశాల్ పదో తరగతిలో ఉండగా ఆమె భర్త రంగాశెట్టి శక్తినగర్‌లో పెళ్ళివారికి సామాను దింపి, స్కూటర్ మీద తిరిగొస్తూ చిక్కసూగూరు మలుపులో లారీ గుద్ది చనిపోయాడు. లారీ ఆగలేదన్నారు. నంబరు ఎవరూ చూడలేదన్నారు. వెతుకుతున్నాం, దొరికితే కబురు చేస్తాం అన్నారు పోలీసులు. ఆగడం చేతకాని మనిషి ఆ ఒక్క కబురు కోసం మాత్రం ఆగింది. దుకాణంలో కూర్చుంది, కొడుకును చదివించింది, పెళ్ళి చేసింది. కబురు రాలేదు.

కోడలు అర్పిత సింధనూరు వైపు క్యాంపు పిల్ల. తాతల నాడు కోస్తా నుంచి కాలువ కింద సేద్యానికొచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంటికొచ్చిన ఏడాదికి, శుక్రవారం సాయంత్రాలు వచ్చే ఒక కొత్త సీరియల్ పెట్టింది. "చాలా బాగుందంటున్నారు అత్తయ్యా, మీకిష్టమైన ఖూనీ కథే" అని అత్తను పిలిచింది. పక్కింటి గాజుల జయాబాయి కూడా వచ్చి కూర్చుంది.

చెరువు గట్టు మీద ఒక ఇంజనీరు శవం. పొడుగు కోటు వేసుకున్న ఆఫీసరు వచ్చి దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత గదిలోకి పోయి కిటికీలోంచి వాన చూశాడు. తెరంతా నీలం. ఎవరైనా ఒక మాట అంటే, ఎదుటివాళ్ళు జవాబు చెప్పేలోగా ఒక కూర తాలింపు పెట్టి రావచ్చు. ఒక చోట నల్లా కింద గ్లాసులో నీటి చుక్కలు పడుతుంటే, గ్లాసు నిండేదాకా అదే చూపించారు.

"ఎవరన్న ఆ నల్లా బంద్ చెయ్యండే!" అని అరిచింది కమలాక్షి.

"మీ టీవీ ఖరాబైనట్టుంది కమలా. అంత నీలం నీలం కొడుతుంది," అంది జయాబాయి.

"టీవీ బాగానే ఉందండీ. అతని మనసులో దిగులు అలా చూపిస్తున్నారు," అంది అర్పిత.

"వాని దిగులు నాకెందుకు? సంపినోన్ని పట్టుకొమ్మను!"

అయినా మరుసటి శుక్రవారం కమలాక్షి, జయాబాయి ఇద్దరూ కూర్చున్నారు. ఆ పై శుక్రవారమూ కూర్చున్నారు. ఇన్ని వారాలు పోయాక వదిలేస్తే పోయిన వారాలన్నీ దండగే అని కమలాక్షి పంతం. ఊరి పక్కనే పెద్ద పవర్ ప్లాంటు ఉన్నా కరెంటు పోవడం మానలేదు. ఒక వారం సగంలో పోయింది. జయాబాయి ఇంటికెళ్ళి పొయ్యి మీది పాలు దించి వచ్చింది. కరెంటొచ్చేసరికి ఆఫీసరు అదే కిటికీ దగ్గర ఉన్నాడు.

"చూస్తివా! కరెంటు పోయింది, వచ్చింది. ఈయన మాత్రం కదల్లే," అని జయాబాయి పడీ పడీ నవ్వింది. కమలాక్షి నవ్వలేదు. దుకాణంలో కూడా అదే మంట. చెరువు గట్టున కాపలావాడు ఉన్నాడు కదా, వాణ్ణి ఒక్క మాట అడగడేం ఆ ఆఫీసరు, అని గిరాకీల మీద విసుక్కునేది.

చివరి భాగం నాడు ఆమె దుకాణం పెందలాడే మూసి వచ్చింది. విశాల్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆఫీసరుకు బదిలీ అయింది. కేసు కాగితాలు బీరువాలో పెట్టాడు. తలుపు మెల్లగా మూశాడు. బయట వాన. అంతే, పేర్లు పడ్డాయి.

"అయిపాయెనా?" అంది జయాబాయి. "మరి సంపిందెవరు?"

విశాల్ నవ్వేశాడు. అర్పిత కళ్ళు తుడుచుకుంటూ, "అన్నీ తేలవు కదండీ. నిజ జీవితంలో ఇలాగే ఉంటుంది," అంది.

కమలాక్షి దిగ్గున లేచింది. "నిజం గిట్లుంటదని నాకు ఈ సీరియల్ తీసినోడు చెప్పాల్నా? నా మొగుని కేసు గిట్లనే బీరువాల పడేసిండ్రు. నేను కూసోని అదే సూసి సంబరపడాల్నా?"

మామగారిది స్కూటర్ ప్రమాదమని మాత్రమే అర్పితకు తెలుసు. భర్త మొహంలోకి చూసింది. విశాల్ తల వంచుకున్నాడు. "అమ్మకు బాధైతదని ఆ మాట ఎత్తలే," అన్నాడు.

"నాకు బాధైతదని నువ్వు, నీకు బాధైతదని నేను. మంచిగనే ఉంది," అంది కమలాక్షి.

మర్నాడు దుకాణం తాళం కొడుకు చేతికిచ్చి ఠాణాకు బయల్దేరింది. అర్పిత చెప్పులేసుకుని వెంట నడిచింది.

హెడ్ కానిస్టేబుల్ మహాంతేశ్ మర్యాదస్థుడే. కూర్చోమన్నాడు. లోపలికి పోయాడు, వచ్చాడు, ఫోన్లో మాట్లాడాడు, మళ్ళీ పోయాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక చెప్పాడు: లారీ ఆచూకీ దొరకలేదని రాసి ఆ కేసు ఎప్పుడో మూసేశారు.

"ఎవర్ని అడిగి మూసిండ్రు?"

"నోటీసు పంపుంటారమ్మా."

"నాకు రాలే. సరే, ఆ మలుపుల బసమ్మ చా హోటల్ ఉంది. ఆమెనన్న అడిగిండ్రా?"

అప్పటి వాళ్ళెవరూ ఇక్కడ లేరు, తనకు తెలియదన్నాడు మహాంతేశ్. కమలాక్షి లేచి బయటికొచ్చి, చిక్కసూగూరు మలుపుకు ఆటో పిలిచింది.

బసమ్మ మిర్చి బజ్జీలు వేస్తోంది. అడగ్గానే బజ్జీలు దేవే జారె చేతిలో ఆగిపోయింది. "సామాన్ల శెట్టి గదా. యాదికుంది. ఆగకేమి, లారీ ఆగింది. డ్రైవర్ పిల్లగాడే. దిగొచ్చి తల కింద తువ్వాల పెట్టి నా కాడ నీళ్ళు తీస్కపోయి తాపిండు. ఏడ్చిండు. మంది వస్తున్నరని చూసి ఎక్కి పారిపోయిండు."

"నీళ్ళు తాగిండా?" అంది కమలాక్షి.

"రెండు గుక్కలు తాగిండు."

కమలాక్షి బల్ల మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఆయన రోడ్డు మీద ఒంటరిగా పోయాడనుకుంది. ఊరట కలగబోయి అంతలోనే మంటగా మారింది. "నీళ్ళు తాపే టైముంది గాని, అదే లారీల ఏసుకొని దవాఖానకు తీస్కపోయే టైము లేదా వానికి? బసమ్మా, ఇన్నొద్దులు ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"ఎవరడిగిండ్రు తల్లీ? నువ్వన్న వస్తివా?"

ఆ మాట కమలాక్షికి సూటిగా తగిలింది. అర్పిత మెల్లగా, "ఇప్పుడొచ్చాం కదా పిన్నిగారూ. పొయ్యి ఆర్పి మాతో రండి. ఈ మాటే వాళ్ళ ముందు చెబుదురుగాని," అంది.

బసమ్మ వచ్చింది, చెప్పింది. మహాంతేశ్ రాసుకున్నాడు. కోర్టుకు చెప్పి కేసు మళ్ళీ తెరవడానికి ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది. ఆ మధ్యలో అత్తాకోడళ్ళు ఠాణా మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో, ఎన్నిసార్లు "సార్ లేరు" అనిపించుకుని దిగారో.

ఒకనాడు మహాంతేశ్ తనే దుకాణానికొచ్చాడు. కూర్చోలేదు. బసమ్మ చెప్పిన గుర్తులకు సరిపోయే డ్రైవర్ దొరకలేదన్నాడు. ఇన్నేళ్ళయ్యాక కష్టమేనమ్మా అన్నాడు.

"గా మాట చెప్పనీకి ఇంత దూరమొస్తివా?" అని కమలాక్షి విరుచుకుపడింది. గిరాకీలు తిరిగి చూశారు. అతను తల వంచుకుని పడ్డాడు. అరిచి అరిచి గొంతు పోయాక ఆమెకు తోచింది, ఇన్నేళ్ళలో ఆ కేసు సంగతి చెప్పడానికి ఒక పోలీసు తన గడప తొక్కడం ఇదే మొదలని. అయినా కోపం తగ్గలేదు.

బిందెలు తుడుస్తున్న అర్పిత గుడ్డ పక్కన పెట్టింది. "ఆ రోజు ఆ దారిలో లోడు తోలిన లారీల యజమానులను అడిగారా?"

మహాంతేశ్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "లేదమ్మా. అడుగుతాం."

"ఎప్పుడు?" అంది కమలాక్షి.