అతికిన అద్దం

బేరంలో మా వంశంలో నన్ను మించినోడు లేడు. నంద్యాల పాతసామాన్ల అంగట్లో రెండువేల ఐదొందలు చెప్పిన ఇత్తడి మైక్రోస్కోపును పదకొండొందలకు తెచ్చి, ఇల్లు చేరిన గంటలోనే చెడగొట్టిన ఘనత నాదే.

అది ఆళ్లగడ్డలో సైన్సు టీచరైన మా అక్క కోసం. మర్నాడే ఆమె రిటైరయ్యేది, బళ్లో చివరి పాఠం. బళ్లో మైక్రోస్కోపు ఎప్పుడో మూలపడింది. ఇన్నేళ్లూ ఉల్లిపొరను బోర్డు మీద గీయడమే గానీ, పిల్లల కళ్లకు చూపించలేకపోయానని ఆమెకు వెలితి.

అంగట్లో పెరిగినోణ్ణి గదా, లోపం దొరకనిదే జేబులో చెయ్యి పెట్టను. కింది లెన్సు విప్పి వెలుతురుకు పట్టినా. అంచు చుట్టూ సన్నటి గీత. ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలు, మధ్యలో బంక.

"ఏందన్నా, పగిలిందాన్ని అతికించి అమ్ముతాండావా?"

పాపం, అతనికీ తెలీదు. గొణుక్కుంటూ దిగొచ్చినాడు.

పాత సరుకును వేడినీళ్లలో నానేసి, బంకా చీటీలూ గీకిగానీ ఎవరికీ ఇవ్వకపోవడం మా ఇంటి అలవాటు. లెన్సునూ అట్లే నానేసినా. రెండుగా ఊడొచ్చింది. బాగున్న ముక్క బిగించి, రెండోది పొట్లం కట్టి జేబులో వేసుకొని ఆళ్లగడ్డ బస్సెక్కినా.

అక్క ఉల్లిపొర పెట్టి చూసింది. అంతా ఎర్ర, నీలం అంచులేనంట. నేను చేసిన శుభ్రం గొప్పగా చెప్పినా. ఆమె తల పట్టుకొని, చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్పింది. మొదట్లో ఆవగింజంత గాజుపూస ఒక్కటే, కన్ను ఆనించి చూసేవాళ్లంట. తర్వాత లెన్సు మీద లెన్సు పెట్టినారు. బొమ్మ పెరిగింది, దాంతోపాటే రంగుల అంచులూ పెరిగినాయి. చానా ఏండ్లకు గానీ, రెండు రకాల గాజు జతచేస్తే ఒకదాని రంగులు ఇంకోటి సరిచేస్తుందని తెలుసుకోలేదు.

"దాని తెలివంతా ఆ అతుకులోనే ఉందిరా. రెండో ముక్క యాడ?"

పొట్లం తీసిచ్చినా. ఆ రకం బంక మాకు దొరకదు. ఆమె రెండు ముక్కల మధ్య ఒక్క చుక్క ఆముదం వేసి, వంపుకు వంపు ఆనించి, రింగు బిగించింది. రంగులు పూర్తిగా పోలేదు గానీ, ఉల్లిపొర గదులు గదులుగా తేటపడింది. ఆమె చానాసేపు కన్ను తీయలేదు.

మర్నాడు బడి గంట కొట్టినా పిల్లలు వరస వదల్లేదంట. ఇటుకలు పేర్చినట్టుంది టీచర్ అన్నారంట. అన్నం తింటూ అక్క ఆ మాటే మూడుసార్లు చెప్పింది.

ఇక లెక్క. మైక్రోస్కోపు పదకొండొందలు. బస్సుకు రానూపోనూ నూట నలభై. ఆముదం, ఉల్లిగడ్డ అక్క ఇంట్లోవి. లేని పగులు చూపి తగ్గించిన పద్నాలుగొందల్లో సగం, వాపసొస్తూ అంగడాయనకు నిజం చెప్పి నేనిచ్చినవి, ఏడొందలు. మొత్తం పంతొమ్మిదొందల నలభై. మిగతా సగం ఇవ్వలేదు.