దొరసానిబుగ్గ చంద్రకాంతలు

మిల్లుగుడ్డ వచ్చి గుంటమగ్గాన్ని దాని గుంటలోనే పూడ్చిపెట్టిన రోజుల్లో, రాజంపేట పక్కపల్లె తొగట నేతగాడు చౌడప్ప ముప్పై అయిదో ఏట తోటమాలి అయ్యాడు. భార్య సుబ్బక్కను వెంటబెట్టుకుని పెన్న అవతల ఒక తాలూకా ఊరు చేరి, డిప్టీ కలెక్టరు బంగళాలో చెట్లకు నీళ్ళు పోసే పనికి కుదిరాడు. ఆ ఊళ్ళో నీళ్ళు మనుషులకే చాలవు. బంగళా బావిలో మాత్రం నడివేసవిలో కూడా మోకాటి లోతు ఉండేది. జనాన్ని ఆ బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కారు మరి.

బంగళా ప్రహరీకి ఒక పక్క ఎర్ర చంద్రకాంతలు, ఇంకో పక్క తెల్లవి ఉండేవి. గుమాస్తాలు కచేరీ విడిచి ఇళ్ళకు పోయే వేళకు విచ్చుకుని, తెల్లారి వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి ముడుచుకునేవి. వాటి తెలివిని చౌడప్ప మెచ్చుకునేవాడు.

మగ్గం మీద బతికిన చేతులు ఊరికే ఉండవు. ఒకనాడు మధ్యాహ్నం చౌడప్ప ఇంకా విచ్చని తెల్ల మొగ్గను గోటితో చీల్చి, లోపల పుప్పొడి మోసే పోగుల్ని ఒక్కొక్కటే తుంచేశాడు. నడిమి పోగు ఒక్కదాన్ని ఉంచి, సాయంత్రం ఎర్రపువ్వు పొడిని తెచ్చి దానికి అద్దాడు. గుర్తుకు కాడకు నూలుదారం కట్టాడు.

"ఏం చేస్తాండావయ్యా?" అంది సుబ్బక్క.

"పెండ్లి చేస్తాండా."

"ఎవురికి?"

"ఈ తెల్లపిల్లకు."

"బాగుండాది. మంగళసూత్రం కూడా నువ్వే కట్టినావే!" అని ఆమె కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ కాయల్లో వచ్చిన గింజలు మిరియాల్లా నల్లగా ఉన్నాయి. మరుసటేడు వాటిని నాటితే ఎర్రదీ రాలేదు, తెల్లదీ రాలేదు. మొక్క మొక్కకూ లేత గులాబి రంగు పూలే పూశాయి. చౌడప్ప ఆశ్చర్యపోలేదు. ఎర్రరంగు తొట్టిలో నీళ్ళు ఎక్కువైతే వచ్చే రంగు అదేనని తొగటవాడికి తెలియదా? ఆ గులాబి మొక్కల గింజల్నే మళ్ళీ గుర్రపుశాల వెనక నాటాడు. అప్పుడు ఆశ్చర్యపోయాడు. నలభై మొక్కల్లో పదకొండు అచ్చం ఎర్రవి, పది అచ్చం తెల్లవి, పంతొమ్మిది మాత్రమే గులాబివి.

రెండు రోజులు ఆ మొక్కల ముందర గొంతుకూర్చున్నాడు. ఎవరో పోయినట్టున్నారని ఇరుగుపొరుగు సుబ్బక్కను పలకరించిపోయారు. మూడోనాడు అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు:

"ఇది అద్దకం కాదే సుబ్బీ, నేత! రంగులో రంగు కలిపితే మళ్ళా విడిపోదు. ఎర్ర పడుగులో తెల్ల పేక ఏస్తే దూరానికి గులాబి మాదిరే అగపడతాది. పోగు పోగు ఊడదీస్తే ఎర్రది ఎర్రదే, తెల్లది తెల్లదే. ఈ పూలలోనూ పోగులు కలవల్యా, పక్కపక్కన ఉండాయి అంతే."

"చారు సల్లారతాండాది," అంది సుబ్బక్క.

తర్వాత నుంచి గులాబి పూలు కావాలంటే ఏటేటా ఎర్రదానికీ తెల్లదానికీ కొత్తగా పొత్తు కలిపి, ఆ గింజలే నాటేవాడు. ఇట్లా ఒక తోటమాలి సంగతి ఒక తోటలోనే ఉండిపోయేది, సీతాపతిరావుగారు డిప్టీ కలెక్టరుగా రాకపోయి ఉంటే.

సీతాపతిరావుగారిది కోస్తా. పింఛనుకు మూడేళ్ళుంది. ఆయన పేరు చివర రావు ఉంది గానీ ముందర రావు సాహెబు బిరుదు లేదు. ఆ లోటు ఆయన్ని అన్నం తిననిచ్చేది కాదు. అది పంతొమ్మిది వందల ముప్పై అయిదు, చక్రవర్తిగారి రజతోత్సవం వస్తున్న ఏడు. జిల్లా పూల ప్రదర్శనకు చౌడప్ప గులాబి చంద్రకాంతల కుండీ ఒకటి తీసుకుపోతే, పెద్ద దొరగారి భార్య వంగి చూసి, "నా బుగ్గ రంగు!" అన్నదట. సీతాపతిరావుగారికి తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ సాయంత్రమే పువ్వుకు "దొరసానిబుగ్గ" అని నామకరణం జరిగింది. మర్నాడు ఉత్తరువు వెలువడింది: డివిజనులోని నూట పన్నెండు గ్రామ చావిళ్ళ ముందరా రజతోత్సవ కానుకగా దొరసానిబుగ్గ చంద్రకాంతలు నాటవలెను, నీరు పోయవలెను, పూయించవలెను.

గింజలు ఏరమన్నప్పుడు చౌడప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, ఈ గులాబి చెట్ల గింజలు నాటితే అన్నీ గులాబివే రావు. సగమే వస్తాయి. తక్కినవాట్లో కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి. నేను పరీక్ష చేసి చూసినా. ఒక్క ఏడు గడువిస్తే కొత్తగా పొత్తు కట్టించి..."

"గులాబి చెట్టుకు గులాబి పూలు రాక బంతిపూలు వస్తాయా? ఉత్తరువులో ఏ రంగు రాశానో చదువుకున్నావా?"

"నాకు చదువు రాదు సామీ."

"మరి నోరు మూసుకో."

గింజలు సర్కారు ముద్ర వేసిన పొట్లాల్లో ఊరూరికీ వెళ్ళాయి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మూడు మైళ్ళు నడిచి తెచ్చుకున్న కడవల్లో నుంచి ఆడవాళ్ళు దొరసాని బుగ్గకు చెంబెడు పోసి, మిగిలింది పిల్లలకు తాపారు. పోయని ఊళ్ళో తలారి తిట్టాడు, తలారిని మునసబు తిట్టాడు. అట్లా అందరి దయవల్లా మొక్కలు బతికాయి. శ్రావణమాసం దాటేసరికి పూశాయి. డిప్టీగారు పూలు విచ్చే వేళకు బండి కట్టించుకుని తనిఖీకి బయల్దేరారు. వెంట చౌడప్ప నడిచాడు.

మొదటి ఊళ్ళోనే కథ అడ్డం తిరిగింది. చావిడి ముందు సగం గులాబి, తక్కిన సగంలో ఎర్రా తెలుపూ. రెండో ఊళ్ళోనూ అంతే. మూడో ఊళ్ళో మునసబు నాగన్న ముందే దండం పెట్టి నిలబడ్డాడు.

"ఎవడు మార్చాడు గింజల్ని?"

"మార్చేదానికి మా తావ వేరే గింజలు యాడివి సామీ? తినేదానికే లేకపాయె."

ఇంతలో వెంట ఉన్న గుమాస్తా డిప్టీగారి చెవిలో ఏదో ఊదాడు. ఎరుపు, తెలుపు, కింద ఆకుల పచ్చన. నాలుగేళ్ళ కిందటి దాకా కాంగ్రెసువాళ్ళు మోసిన జండాలో రంగులు ఈ మూడే! సీతాపతిరావుగారి మొహాన ఎరుపు పోయి తెలుపు మిగిలింది. సర్కారు ఖర్చుతో, సర్కారు ముద్రతో, రజతోత్సవాన, నూట పన్నెండు చావిళ్ళ ముందర తన చేతుల మీదుగా స్వరాజ్య జండా ఎగిరిందన్నమాట!

ఆ వారంలో డివిజనులో వేరే పని జరగలేదు. నూట పన్నెండు మంది మునసబుల సంజాయిషీలు వచ్చాయి. ఎర్రపూలు ఎండకు అట్లా అయ్యాయని ఒకరు, తెల్లపూలు నీళ్ళు చాలక పాలిపోయాయని ఒకరు, మొక్కలు నాటిన తలారి భార్య నల్లగా ఉంటుందని ఒకరు రాశారు. సాయంత్రం పూలు విచ్చగానే తలారులు గులాబివి కానివన్నీ పీకెయ్యాలని ఇంకో ఉత్తరువు వెళ్ళింది. చౌడప్పను పనిలోంచి తీసేశారు. రాజద్రోహం కింద పోలీసులకు అప్పగించాలా వద్దా అన్నది ఆలోచనలో ఉంది.

అప్పుడు వ్యవసాయ శాఖ నుంచి దావీదురాజు వచ్చాడు. నంద్యాల వైపు కుర్రవాడు, కోయంబత్తూరులో చదివి వచ్చాడు. "విత్తనాల కల్తీ"పై విచారణకని పిలిపించారు. ఇంకా పీకని ఒక ఊళ్ళో సాయంత్రం కూర్చుని మొక్కలు లెక్కపెట్టాడు. నలభై ఏడు. పన్నెండు ఎర్రవి, ఇరవై నాలుగు గులాబివి, పదకొండు తెల్లవి. లేచి గంతేసినంత పని చేశాడు.

"కల్తీ లేదు సార్. ఇది నియమం. పావు, సగం, పావు. ఇట్లా రాకపోతేనే తప్పు."

"ఏ నియమం? ఎన్నో సెక్షను?" అన్నారు డిప్టీగారు.

"ప్రకృతి నియమం సార్. సముద్రాల అవతల ఒక సన్న్యాసి మఠం తోటలో బఠాణీలు నాటి కనిపెట్టినాడు."

"సన్న్యాసికి శాసనాలు చేసే అధికారం ఎవరిచ్చారు? మదరాసు ప్రభుత్వం ఆమోదించిందా?"

దావీదురాజు సెక్షను సంగతి వదిలేసి, ఈ మొక్కలు తయారుచేసిన మనిషిని చూడాలన్నాడు. సుబ్బక్క కట్టెలమ్మి సంసారం ఈడుస్తున్న గుడిసె ముందుకు వెళ్ళాడు. చౌడప్ప పడుగూ పేకా చెప్పాడు. పట్టణంలో మూడేళ్ళు పుస్తకాల్లో చదివింది ఈయన రెండు మాటల్లో చెప్పాడని దావీదురాజు అరుగు మీదే చతికిలబడ్డాడు.

చౌడప్పకు హుషారు వచ్చింది. దడి మీది ముద్దమందారం ఒకటి కోసుకొచ్చి రేకులు విప్పాడు.

"ఇది చూడు సామీ. లోపలి ఈ రేకు కొసన పుప్పొడి ఉండాది. ఇది రేకు కాదు, రేకు కావాలని పోయిన పోగు. ఒంటిరేకు మందారంలో నడిమి కాడ నిండా పోగులే. ముద్దదాంట్లో ఆ పోగులే రేకులైనాయి. చూసేదానికి శానా అందం. అయితే పొడీ అంతంతే, కాయా కట్టదు."

"అవునప్పా! ఒక భాగం ఇంకో భాగంగా మారడమని పుస్తకాల్లోనూ ఉంది. ఎందుకట్లా అవుతుందో మాత్రం మా గురువులకూ తెలియదు."

"ఎందుకో నాకూ తెలీదు. అయితే కచేరీలో శానా చూసినా," అన్నాడు చౌడప్ప. "గుమాస్తా పోయి దొర కావాలని మెడకు టై పట్టీ కట్టుకుంటాడు. అటు రేకూ కాడు, ఇటు పోగూ కాడు."

దావీదురాజు నివేదిక పైకి పోయింది. ఆ నియమం నిజమేననీ, మన జిల్లాలో ఇంత పెద్ద ఎత్తున ఎవరూ రుజువు చెయ్యలేదనీ రాశాడు. చౌడప్ప పేరు మూడుచోట్ల రాశాడు. ఆ కాగితం సీతాపతిరావుగారి బల్ల మీదుగా పోవలసి ఉంది. పైకి చేరేసరికి చౌడప్ప ఉన్నచోటల్లా "ఈ కార్యాలయం" అని ఉంది. నూట పన్నెండు ఊళ్ళలో మూడు రంగులూ రావాలనే డిప్టీ కలెక్టరుగారు ముందుచూపుతో ఆ గింజలు పంచారని తేలింది. సంజాయిషీలన్నీ "పరిశీలన వివరాలు" అయ్యాయి. వచ్చే జనవరికి ఆయన రావు సాహెబు అయ్యారు.

చౌడప్పను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. డిప్టీగారి ఆజ్ఞ ప్రకారమే పూలను మూడు రంగుల్లో పూయించినట్టు కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. వేసి ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు.

"ఆయప్ప చెప్తే పూసినాయా?" అంది సుబ్బక్క. "మరి నీళ్ళు పోసిన ఆడోళ్ళకేం బిరుదు ఇచ్చినారు?"

చౌడప్ప ఆనాడు నవ్విన నవ్వుకు పొలమారింది.

ఆ తర్వాత పదేళ్ళలో అయిదుగురు దొరలు వచ్చారు. ఒకాయన నీలి గులాబీ కావాలన్నాడు. ఒకాయన భార్యకు తలనొప్పి గనక వాసన లేని మల్లె కావాలన్నాడు. చౌడప్ప ఎవరినీ కాదనలేదు, "చూద్దాం సామీ" అన్నాడు. గింజ కట్టి, మొలిచి, పూసేలోగా దొరకు బదిలీ వచ్చేది.

పంతొమ్మిది వందల నలభై ఆరులో ఒంట్లో ఓపిక తగ్గి పని మానుకున్నప్పుడు కచేరీవాళ్ళు అతని దగ్గర గడ్డపార, రెండు కడవలు, కత్తెర అప్పగింత పుచ్చుకుని వేలిముద్ర తీసుకున్నారు. ఆ పనికి కొత్తగా కుదిరిన లేవి అనే కుర్రవాణ్ణి చౌడప్ప చేయిపట్టుకుని ప్రహరీ దగ్గరికి తీసుకుపోయాడు. మధ్యాహ్నం మొగ్గ ఎట్లా చీల్చాలో, పోగులు ఎట్లా తుంచాలో, పొడి ఎట్లా అద్దాలో మూడు రోజులు చూపించాడు.

"ఇదంతా నా ఉద్యోగమేనా పెద్దాయనా?" అన్నాడు లేవి బెదురుగా.

"కాదప్పా. ఉద్యోగం నీళ్ళు పోసేది మాత్రమే," అన్నాడు చౌడప్ప, ఇంకో మొగ్గను అతని వేళ్ళ మధ్య పెడుతూ.